వాసుకిలో నీళ్ళు నిండుకున్నాయి

రెండు వేల పదిహేడు, జూలై మూడో తారీకు, సోమవారం. ఆ ఉదయం నేను చద్దన్నంలో గడ్డపెరుగు కలుపుకుని, మాగాయ టెంక నంజుకుంటూ తిన్నాను. తేదీ ఎందుకు గుర్తుందంటే, అరవై రెండేళ్ళ వయసులో నేను కొత్త ఉద్యోగంలో చేరిన రోజు అది. తిన్నది ఎందుకు గుర్తుందంటే, ఆ టెంక పీచు ఒకటి పంటి సందున ఇరుక్కుంది. దాన్ని నాలుకతో కదుపుతూ ఇంటర్వ్యూలో కూర్చున్నంతసేపూ నా ముఖం నవ్వుతున్నట్టే ఉందట. ఆ నవ్వు చూసే ఉద్యోగం ఇచ్చారని తర్వాత తెలిసింది.

ఉద్యోగం 'ఆనందలోకం' వినోద వనంలో. విజయనగరం దాటాక హైవే పక్కన ఉంటుంది. పేపర్లో ప్రకటన 'కస్టోడియన్ కావలెను, డిగ్రీ చదివినవారికి ప్రాధాన్యం' అని పడింది. నేను బి.కాం. చదివి, సహకార బ్యాంకులో పనిచేసి రిటైరయినవాణ్ణి. మా బ్యాంకులో కస్టోడియన్ అంటే ఇనప్పెట్టె తాళాలు ఉండే మనిషి. ఇక్కడా అదే అనుకున్నాను. తాళాల గుత్తి తగిలించుకోవడానికి వీలుగా గట్టి బెల్టు కూడా పెట్టుకుని వెళ్ళాను.

సిబ్బంది మేనేజరు హిమబిందు గారు నా చేతికి పొడుగు కర్ర ఉన్న చీపురొకటి ఇచ్చారు. ఆవిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని బల్ల మీద వెతుక్కునే మనిషి.

"తాళాలండీ?" అన్నాను.

"అవి సెక్యూరిటీ వాళ్ళ దగ్గరుంటాయండి. ఇది మీది."

"అంటే నేను చెత్త..."

ఆవిడ పెదాల మీద వేలు పెట్టుకుని గుమ్మం వైపు చూశారు. "ఆ మాట అనకూడదండి. ఆనందశేషం అనాలి. సందర్శకులు ఆనందించాక మిగిలింది కాబట్టి."

"మరి ఇది చీపురు కదండీ?"

"ఆనందకుంచె."

నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఇంటికి తిరిగి వెళితే గోడగడియారమూ నేనూ. బయట కొన్ని వందల మంది పిల్లలు ఒకేసారి కేకలు పెడుతున్నారు. కుంచె పుచ్చుకున్నాను.

ఆవిడ కంప్యూటర్లో నా వివరాలు ఎక్కించడం మొదలుపెట్టారు.

"భార్య పేరు?"

"సుభద్ర."

"ఏం చేస్తుంటారు?"

"పోయిందండీ. రెండేళ్ళయింది."

కంప్యూటరు కీచుమంది. ఆవిడ మళ్ళీ కొట్టారు. మళ్ళీ కీచుమంది. "ఏమనుకోకండి జోగారావు గారూ, ఇది ఆ మాట తీసుకోదు. మా విధానం అలాంటిది" అని కాసేపు ఆలోచించి, ఏదో టైపు చేసి, తెర నా వైపు తిప్పారు.

'భార్య: మరోచోట అందుబాటులో ఉన్నారు.'

పరామర్శకి వచ్చినవాళ్ళు రెండేళ్ళుగా నాకు చాలా మాటలు చెప్పారు. ఒక్కటీ ఇంత దగ్గరగా రాలేదు. "అలాగే ఉంచండమ్మా" అన్నాను.

విధానం పేరు 'శుభవాక్'. దాని పుట్టుక గురించి మొదటివారం శిక్షణలో చెప్పారు. అంతకుముందు వేసవిలో ఎవరో పిల్లవాడు మామిడి ఐస్‌క్రీం అడిగాడట. అమ్మే అతను "లేదు" అన్నాడట. పిల్లవాడు ఏడ్చాడు. వాళ్ళ నాన్న ఇంటర్నెట్లో రాశాడు. స్విట్జర్లాండులో చదువుకుని వచ్చిన మా ఛైర్మన్ చక్రధర్ గారు అది చదివి, లోపం ఐస్‌క్రీంలో లేదనీ 'లేదు'లో ఉందనీ కనిపెట్టారు. ఐస్‌క్రీం ఇంకో పెట్టె తెప్పించడానికి బదులు డాక్టర్ పరమానంద్ అనే సలహాదారుని తెప్పించారు.

"మిత్రులారా!" అన్నాడు పరమానంద్, మైకు అక్కర్లేని గొంతుతో. "అశుభ పదం ఒక క్రిమి. అది నోట్లో పుట్టి, చెవిలో పెరిగి, లాభాల్లో గుడ్లు పెడుతుంది. నేటి నుంచి ఈ ప్రహరీ లోపల లేదు, కాదు, వద్దు, పోయింది, అయిపోయింది, పాడైంది అనే మాటలకు ప్రవేశం నిషిద్ధం!"

'నిషిద్ధం' శుభమో కాదో ఎవరూ అడగలేదు.

ఎవరైనా నోరు జారితే మెళ్ళో నీలం రంగు మౌనబిళ్ళ వేస్తారు. సాయంత్రం దాకా నవ్వుతూ ఉండాలి, మాట్లాడకూడదు.

"మరి నిజంగా అయిపోతే ఏటనాల బాబూ?" అంది కేంటీను వరహాలమ్మ.

"మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏమనేవారు? మన సంప్రదాయంలో లేనిదేముంది? చెప్పండి, చెప్పండి!"

"దీపం ఆరిపోతే ఆరిపోనాదని అనం. కొండెక్కింది అంటాం."

"భేష్!"

"గాజు పగిలినా, తాడు తెగినా పెరిగింది అంటాం."

"మహాద్భుతం! ఇంకా?"

నేనూ లేచాను. కొత్త ఉద్యోగి ఉత్సాహం. "బియ్యం అయిపోతే మా ఆవిడ నిండుకున్నాయి అనేదండి. డబ్బా అడుగు కనబడుతున్నా సరే."

పరమానంద్ వేదిక దిగి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. "ఖాళీలో నిండుని చూసిన జాతి మనది!" అని ప్రకటించాడు. మూడు మాటలూ అప్పటికప్పుడు పదకోశంలో ఎక్కాయి. ఇకనుంచి అందరూ వాకీటాకీల్లో అవే వాడాలి.

కంట్రోల్ రూములో కూర్చునే పిల్లలు మంచివాళ్ళే. కాని ఒకటో తరగతి నుంచి హాస్టళ్ళలో చదువుకున్నవాళ్ళు. ఇంట్లో దీపం కొండెక్కడం, బియ్యం నిండుకోవడం వాళ్ళు ఎరగరు. మాట ఎలా వినబడితే అర్థం అదే.

మర్నాడే భూతాల గుహలో దీపం కొండెక్కింది. కంట్రోల్ రూము వాళ్ళు ఎలక్ట్రీషియన్‌ని పంపించారు, కొండ మీదికి. మా వనంలో సిమెంటు కొండ ఒకటుంది. పాపం అతను నిచ్చెన వేసుకుని ఎక్కి సాయంత్రం దాకా వెతికాడు. 'కనబడలేదు' అని రాయకూడదు కాబట్టి, 'కొండపై వెలుగు కోసం అన్వేషణ జయప్రదంగా సాగుతున్నది' అని నివేదిక ఇచ్చాడు. దాని మీద పైవాళ్ళు కొండ మీద కొత్త దీపం ఒకటి మంజూరు చేశారు. గుహలో చీకటి చీకటిగానే ఉంది. భూతాలు ఇదివరకటి కంటే బాగా భయపెడుతున్నాయని సందర్శకులు మెచ్చుకున్నారు.

తర్వాత రంగులరాట్నం దగ్గర క్యూ తాడు పెరిగింది.

"ఎంత పెరిగింది?" అని అడిగింది కంట్రోల్ రూము.

"రెండు ముక్కలు పెరిగిందండి."

స్టోరు నుంచి ఒకతను కత్తెర పట్టుకుని వచ్చాడు. పెరిగినంత మేరా కత్తిరించి స్టోరులో జమ చేసుకుపోయాడు. క్యూ ఎటుపడితే అటు పోయింది.

నా శాఖకి వస్తే, నిండడం శుభం, ఖాళీ చెయ్యడం అశుభం. కాబట్టి నిండిన డబ్బాలు నిండినట్టే ఉండాలి. వాటి పక్కన కొత్త డబ్బాలు పెట్టి 'నిండే భాగ్యం' కల్పించాలి. ఆగస్టు నాటికి ఐస్‌క్రీం బండి నుంచి ఏనుగు బొమ్మ దాకా డబ్బాలు బారులు తీరాయి. కాకులు మహా సంతోషించాయి. ఎవరో పెద్దాయన అది కూడా ఒక ఆటనుకుని టిక్కెట్టు ఎక్కడిస్తారని నన్నడిగాడు.

నాకూ ఒకసారి మౌనబిళ్ళ పడింది. ఒక ముసలావిడ నీళ్ళ కుళాయి తిప్పి, తిప్పి, "రాదా నాయనా?" అంది. "రాదమ్మా" అనేశాను. సాయంత్రం దాకా నోరు విప్పలేదు. ఇంటి దగ్గర సాధన ఉంది కనక కష్టం అనిపించలేదు. పైగా వరహాలమ్మ జాలిపడి రెండు గారెలు ఎక్కువ వేసింది.

మధ్యాహ్నం నేను భోజనం చేసేది పంపుషెడ్డులో, పైడిరాజుతో. అతను ముప్పై ఏళ్ళవాడు. బోర్లు, మోటార్లు, ట్యాంకులు చూసుకుంటాడు. అతని ఉద్యోగం 'సగం' ఉద్యోగం. సగం రోజుల లెక్క, సగం జీతం. పని మాత్రం పూర్తిగా ఉండేది. వాళ్ళావిడ గౌరి పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టి మూడో నెల నడుస్తోంది. మామ అప్పలసూరి మాత్రం పంపడం లేదు.

"మా మావ ఏటంతాడో తెలుసా బేంకు బాబూ? సగం ఉజ్జోగం వోడికి సగం కాపరవే అంతాడు. 'ముందు నిండు ఉజ్జోగం అవనీ, తలమీద ఓ కప్పు సూసుకో, అప్పుడు నా కూతుర్నీ మనవరాల్నీ తీసుకెల్దువు గాని' అంతాడు."

"పర్మినెంటు చేస్తారటగా, వార్షికోత్సవం అయ్యాక?"

"ఆ ఆసే ఉంది. ఛైర్మన్ బాబు వొచ్చినప్పుడు మంచి పేరు తెచ్చుకోమని ఇమబిందు మేడం సెప్పింది. నా కూతురు గుంట ఫోన్లోనే నవ్వీసి ఫోన్లోనే నిద్దరోతంది బాబూ. ఎత్తుకుని ఎన్నాల్లయిందో!"

"అత్తారిది ఏ ఊరు?"

పైడిరాజు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "కుంచెపల్లి" అన్నాడు.

"అదెక్కడ?"

"అదే బాబూ. ఇజీనగరం తరవాత రైలు స్టేసను. ఆ పేరులో మొదటి ముక్క ఇక్కడ అనకూడదు గదా!"

చీపురుపల్లి! నేను అన్నం ముద్ద పట్టుకుని పొలమారేదాకా నవ్వాను. అతనే వీపు మీద తట్టి నీళ్ళిచ్చాడు.

వార్షికోత్సవం సెప్టెంబరులో వచ్చింది. ఆ రోజు ఛైర్మన్ గారు పత్రికలవాళ్ళ ఎదుట 'వాసుకి' ఎక్కుతారని ప్రకటించారు. వాసుకి అంటే పాములా మెలికలు తిరిగిన గొట్టం. రబ్బరు ట్యూబులో కూర్చుని పై నుంచి జారితే, నీళ్ళతోపాటు మెలికలు తిరిగి కింద మడుగులో పడతాం. ఆ వారంలోనే ఒక కమిటీ వచ్చి మా వనానికి 'సంపూర్ణ శుభవాక్ ప్రాంగణం' అనే బిరుదు ఇవ్వబోతోంది కూడా.

ఉత్సవం నాటి పొద్దున్న కరెంటు సరిగ్గా లేదు. మోటారు మూలుగుతోంది గాని నీళ్ళు ఎక్కడం లేదు. పైడిరాజు ట్యాంకు ఎక్కి చూసి, దిగి, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"బేంకు బాబూ, వాసుకి ట్యాంకులో నీల్లు అయిపోనాయి. జనరేటరు ఎయ్యమని కంట్రోలు రూముకి సెప్పాల. ఏటని సెప్పను? బిల్ల పడితే ఇవాలే నా పేరు పోద్ది!"

"పదకోశంలో ఉందిగా పైడిరాజూ. నిండుకున్నాయని చెప్పు. అది విన్న తెలుగువాడెవడైనా పరుగెత్తుకొస్తాడు" అన్నాను.

అతను వాకీటాకీ నొక్కాడు. "వాసుకి ట్యాంకులో నీల్లు నిండుకున్నాయండి!"

"సూపర్!" అంది అవతలి గొంతు. "అయితే మోటారు కట్టేస్తున్నాం."

"కట్టీకండి! పూర్తిగా నిండుకున్నాయండి. సుక్క కూడా..."

"చుక్క కూడా?"

అతను నా వైపు చూశాడు. 'లేదు' అన్నమాట అతని నాలిక చివర నిలబడి వణుకుతోంది.

"సుక్క కూడా నిండుకుందండి!"

"కంగ్రాచ్యులేషన్స్ పైడిరాజు గారూ!"

మోటారు మూలుగు కూడా ఆగింది. పైడిరాజు వాకీటాకీ నా చేతిలో పడేసి వాసుకి వైపు పరుగెత్తాడు. వెనకాల నేను. మేం వెళ్ళేసరికి ఛైర్మన్ గారు పైన ట్యూబులో కూర్చుని ఉన్నారు. భారీ మనిషి. పూలదండతో సహా కూర్చున్నారు. పైడిరాజు కింద నుంచి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. పైన పరమానంద్ అది చూసి, "చూడండి సార్, చిన్న ఉద్యోగుల్లో ఎంత ఉత్సాహమో!" అన్నాడు. ఛైర్మన్ గారు కూడా చెయ్యి ఊపారు.

"నీళ్ళు సరిగ్గా ఉన్నాయా?" అని అడిగారు.

"నిండుకున్నాయి సార్!" అని పైనున్న సిబ్బంది ముక్తకంఠంతో అన్నారు.

ఛైర్మన్ గారు జారారు.

మొదట ఒక కీచు. తర్వాత పెద్ద కీచు. తర్వాత, రబ్బరు చెప్పుతో గచ్చు మీద ఏనుగును లాగుతున్నట్టు ఒక చప్పుడు. రెండో మెలిక దగ్గర ఆగిపోయింది. పత్రికలవాళ్ళు కింద మడుగు వైపు కెమెరాలు గురిపెట్టి నిలబడ్డారు. మడుగులోంచి ఒక కప్ప వాళ్ళని చూస్తోంది.

గొట్టంలోంచి గొంతు వినబడింది. "ఏయ్! నీళ్ళేవి?"

పరమానంద్ గబగబా కిందికి దిగి, గొట్టం నోట్లో మైకు పెట్టి, "నీళ్ళు ప్రయాణంలో ఉన్నాయి సార్!" అన్నాడు.

"నేను ఇరుక్కుపోయానయ్యా!"

"స్థిరపడ్డాను అనండి సార్! ప్రెస్ ఉన్నారు!"

గొట్టం కొన్ని మాటలంది. వాటికి మౌనబిళ్ళలు వెయ్యాలంటే మా స్టాకు చాలదు.

హిమబిందు గారు అగ్నిమాపక కేంద్రానికి ఫోను చెయ్యమన్నారు. కంట్రోల్ రూము అమ్మాయి చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"నమస్కారమండీ. ఇక్కడంతా శుభం."

"సంతోషమమ్మా. ఎందుకు చేశావు?"

"మా ఛైర్మన్ గారు గొట్టంలో ఉన్నారండి."

"ఇరుక్కున్నాడా?"

"అక్కడే ఉండటానికి మొగ్గు చూపుతున్నారండి."

"అయితే ఉండనియ్యమ్మా. పెద్దవాళ్ళు" అని పెట్టేశారు.

హిమబిందు గారు కళ్ళజోడు నెత్తి మీది నుంచి కిందికి దించారు. ఆవిడ అలా చెయ్యడం నేను చూసింది అప్పుడే. "వరహాలమ్మా, కేంటీన్లో తడిగా ఏముంది?"

"అతిథులకి మజ్జిగండి. రెండు డ్రమ్ములు."

"పైకి పట్టించండి."

నేనూ, పైడిరాజూ, మిగతా కుంచెలవాళ్ళమూ బాల్దీలతో మోశాం. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దట్టంగా వేసిన మజ్జిగ. ఒక్కసారిగా వదిలేసరికి గొట్టం గుటకలు వేసింది. కాసేపటికి వాసుకి ఛైర్మన్ గారిని మడుగులోకి కక్కేసింది. నుదుటి మీద కరివేపాకు రెబ్బ, చెవిలో అల్లం ముక్క. కళ్ళు పచ్చిమిర్చి వల్ల ఎర్రగా ఉన్నాయో, ఇంకెందువల్లనో చెప్పలేను.

"ఛైర్మన్ గారికి తక్రాభిషేకం జయప్రదంగా ముగి... ఫలించింది!" అని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కొందరు దణ్ణం పెట్టారు.

విచారణ ఆ మధ్యాహ్నమే ఆయన గదిలో జరిగింది. ఛైర్మన్ గారు కుర్చీలో గాలిదిండు మీద కూర్చున్నారు.

"నిండుకున్నాయి అంటే ఏమిటి అర్థం?"

వరహాలమ్మ చెప్పింది. "ఖాళీ అని బాబూ."

"ఖాళీని ఖాళీ అని చెప్పడానికి ఏం రోగం?"

దానికి జవాబు ఆయన వెనక గోడ మీదే, నిషిద్ధ పదాల పట్టికగా, ఆయన సంతకంతోనే వేలాడుతోంది. చదివి వినిపించే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"బాబూ, తవరు ఎక్కకముందే సెప్పాను. సేతులూపాను కూడా. తవరూ ఊపారు" అన్నాడు పైడిరాజు.

నేను ముందుకొచ్చాను. "సార్, ఆ మాట చెప్పమన్నది నేను. తప్పు నాది."

"తప్పు!" అని పరమానంద్ ఎగిరిపడ్డాడు. 'తప్పు' నిషిద్ధ పదాల్లో ముందు వరసలో ఉంది. మరుక్షణం నా మెళ్ళో మౌనబిళ్ళ పడింది. సాక్ష్యం అంతటితో సరి.

"వీడు నెలాఖరు తర్వాత నాకు కనబడకూడదు. తీసేస్తున్నట్టు ఉత్తర్వు రాయండి" అన్నారు ఛైర్మన్ గారు, పైడిరాజు వైపు వేలు చూపిస్తూ.

పైడిరాజు తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అతను ఎవరినీ చూడటం లేదు. చీపురుపల్లి వైపు గోడని చూస్తున్నాడు.

పరమానంద్ దగ్గాడు. "సార్, బిరుదు కమిటీ వస్తోంది. ప్రతి ఉత్తర్వూ చదువుతారు. 'తీసివేత' అన్న మాట కనబడితే బిరుదు..."

"అయితే వేరే మాట వెయ్యి."

"'సేవలు చాలించడమైనది' అంటే?" అన్నారు హిమబిందు గారు, కంప్యూటరు ముందు కూర్చుని.

"చాలు అనడంలో తిరస్కారం ఉంది మేడమ్."

"సాగనంపడమైనది?"

"అందులో పాడె వాసన వస్తోంది."

"విశ్రాంతి ఇవ్వడమైనది?"

"విశ్రాంతి అంటే పింఛను అడుగుతాడు" అన్నారు ఛైర్మన్ గారు. నడుము సవరించుకోబోయి మూలిగారు. ఆ మూలుగులోంచే ఆయనకి మాట తట్టింది. "నిండుకున్నది అని రాయండి. ఆ మాటకి అర్థమేమిటో నాకు ఇవాళ బాగా తెలిసింది."

పరమానంద్ పులకించాడు. హిమబిందు గారు టైపు చేశారు. 'శ్రీ పైడిరాజు గారి ఉద్యోగం ఈ నెలాఖరుతో నిండుకున్నది.' ఛైర్మన్ గారు కాగితం చిరిగేటట్టు సంతకం పెట్టారు. అది హైదరాబాదు హెడ్డాఫీసుకి వెళ్ళింది.

పంపుషెడ్డులో పైడిరాజు తన పానాలు సంచీలో సర్దుకోవడం మొదలుపెట్టాడు. "గౌరికి ఏటని సెప్పాల బేంకు బాబూ?" అన్నాడు. నా మెళ్ళో ఇంకా బిళ్ళ ఉంది. సంచీ నోరు తెరిచి పట్టుకున్నాను.

నెలాఖరుకి రెండు రోజుల ముందు బిరుదు కమిటీ వచ్చింది. కమిటీ సభ్యురాలు ఒకావిడ, జరీ చీర, బంగారు కలం. హిమబిందు గారి గదిలో కూర్చుని ఫైళ్ళు తిరగేస్తోంది. పక్కన పరమానంద్ టీ తాగుతున్నాడు. నేను గది ఊడుస్తున్నాను. అప్పుడు హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. అందరికీ వినబడాలని పరమానందే స్పీకరు నొక్కాడు.

"మేడమ్, పైడిరాజు కేసు. ఇప్పటిదాకా ఇతనిది సగం ఉద్యోగం కదా?" అంది ఒక కుర్ర గొంతు.

"అవునండి" అన్నారు హిమబిందు గారు.

"ఈ నెలాఖరుతో నిండుకున్నది అని ఉంది. అంటే ఇకనుంచి నిండు ఉద్యోగం అనేగా?"

ఆ అబ్బాయి ఏ హాస్టల్లో చదువుకున్నాడో గాని, వాళ్ళ పంతుళ్ళని దేవుడు చల్లగా చూడాలి.

ఈ ప్రశ్నకి ఉన్న అసలు జవాబు రెండక్షరాలు. ఆ రెండక్షరాలూ నిషేధంలో ఉన్నాయి. సభ్యురాలు కలం ఎత్తి హిమబిందు గారి వైపు చూస్తోంది. హిమబిందు గారు కళ్ళజోడు కిందికి దించుకుని, ఒకసారి నన్ను చూశారు. నేను అప్పటికే ఊడ్చిన చోటునే ఊడుస్తున్నాను.

"అవునండి" అన్నారావిడ.

పరమానంద్ టీకప్పు సాసర్లో టకటకలాడింది. అతను సగం లేచాడు. "కా..." అన్నాడు. బంగారు కలం అతని వైపు తిరిగింది. "కా... కా... కార్యసిద్ధిరస్తు!" అని కూర్చున్నాడు.

"నిండు ఉద్యోగులకి క్వార్టరు కూడా ఇవ్వాలండి, మన రూల్సులో."

"అవునండి."

"మొదటి తారీకు నుంచే కదా?"

"అవునవును."

సభ్యురాలు ఏదో రాసుకుని, ఇంత అనుకూలమైన సంభాషణ తాను ఏ సంస్థలోనూ వినలేదని మెచ్చుకుంది. బిరుదు వచ్చింది. తర్వాతెప్పుడో ఛైర్మన్ గారు పైడిరాజుని ట్యాంకు మీద చూసి, వీడింకా ఇక్కడే ఉన్నాడేమిటని అడిగారట. 'పొరపాటు' అన్న మాట కూడా వాడకూడదు కాబట్టి పరమానంద్, "అంతా తమరి ఉత్తర్వు ప్రకారమే జరిగింది సార్" అన్నాడట. అది నిజం కూడా.

మొదటి వారంలోనే అప్పలసూరి కూతుర్నీ మనవరాల్నీ తీసుకుని బస్సు దిగాడు. సన్నగా, నిటారుగా, గొడుగు కర్రలా ఉన్నాడు. గేటు లోపలికి అడుగుపెట్టగానే, "ఆర్డరేదీ?" అన్నాడు. పైడిరాజు గర్వంగా తీసిచ్చాడు. ఆయన దాన్ని చేతికర్రంత దూరంలో పట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఓరి సన్నాసీ! నిండుకున్నదని రాసుంది. అంటే ఊడిపోనాది గాదేట్రా!"

సంతకం పడ్డాక ఆ ఉత్తర్వుని సరిగ్గా చదివినవాడు ఆయనొక్కడే. గౌరి చంటిదాన్ని గుండెకి హత్తుకుని ఆగిపోయింది. పైడిరాజు నా వైపు తిరిగాడు.

"సూరి గారూ, ఇక్కడ అలాగే రాస్తారండి" అన్నాను.

"ఎలగ? బియ్యం నిండుకుంటే మీ ఇంట్లో ఒండుకు తింతారా?"

"ఈ ప్రహరీ లోపల తింటామండి."

ఆయన నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. "బేంకు బాబువి నువ్వేనా? సదువుకున్నోడివంట. సరే. కాయితం నాకొద్దు. ఇల్లు సూపించు."

పంపుషెడ్డు వెనక క్వార్టర్ల వరసలో చివరి గది. సున్నం కొత్తగా వేశారు. అప్పలసూరి గోడ మీద పిడికిలితో కొట్టి చూశాడు. కిటికీ రెక్క లాగి చూశాడు. కుళాయి తిప్పాడు. అది కాసేపు దగ్గి, నీళ్ళు వదిలింది. దోసిలి పట్టి తాగాడు. మనవరాలి బుగ్గ మీద తడిచెయ్యి వేస్తే అది కిలకిలమంది.

"ఊడిపోనోడికి ఇల్లెవుడిస్తాడు?" అని తనలో తను అనుకున్నాడు. కూతురు తెచ్చిన సంచీ భుజం మీది నుంచి దించి లోపల పెట్టాడు. "ఆఖరు బస్సుకి నాను ఎల్లిపోతాను. ఓరల్లుడూ, పిల్లకి నెత్తిన నూనె రాయడం తెలుసా నీకు?"

"నేర్సుకుంతాను మావా."

ఆయన వెళ్ళాక చీకటి పడింది. వనం దీపాలు ఒక్కొక్కటీ ఆర్పుతున్నారు. నేను నా పని ముగించుకుని క్వార్టర్ల ముందు నుంచి వస్తున్నాను. గది తలుపు తీసే ఉంది. పైడిరాజు నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాడు. అది నిద్రపోయి చాలాసేపయినట్టుంది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, అయినా కదలడం లేదు. నోరు తెరిచి నన్ను పిలవబోయి, బిడ్డ వైపు చూసి మానేశాడు.

గౌరి గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసి తలూపింది. కొత్త తలుపు, బందులు బిగుతుగా ఉన్నాయి. చప్పుడు కాకుండా రెక్క కింద అరచెయ్యి ఆనించి కొంచెం పైకెత్తి, మెల్లగా దగ్గరికి లాగి మూసింది.